నాలుగు వరసల మట్టిగోడ, పైన వెదురు మేడ

మట్టిగోడ పనిలో తొందర చెల్లదు. ఒక వరస పెట్టాక ఆగాలి. కింది వరస బిగియకముందే పైవరస ఎత్తితే, పచ్చి అడుసు ఆ బరువు మోయలేక పొట్ట ఉబ్బి పక్కకు జారుతుంది. మన పల్లెల్లో గోడలు పెట్టిన పాతకాలం వాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. వరస పెట్టేవాళ్లు, ఎండకి వదిలేసేవాళ్లు, ఈలోగా వేరే పని చూసుకుని మళ్లీ వచ్చి అరచేత్తో తట్టి చూసేవాళ్లు. గట్టి చప్పుడు వస్తేనే పైవరస. బంగ్లాదేశ్ వాయవ్య మూలన, దినాజ్‌పూర్ జిల్లాలో రుద్రపూర్ అనే పల్లె ఉంది. 2005 చివర్లో అక్కడ కట్టిన ఒక బడి కింది అంతస్తు గోడలు సరిగ్గా ఇలాగే లేచాయి. వరసకి 65 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల పైచిలుకు. ఆ పైన ఒక వారం ఆగడం. మళ్లీ ఇంకో వరస. నాలుగు వరసలతో గది ఎత్తు కుదిరింది.

ఆ బడి పేరు మెటి. దీప్‌శిఖా అనే బంగ్లాదేశీ స్వచ్ఛంద సంస్థ నడిపే మోడర్న్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి అది పొట్టి పేరు. కింద మట్టి, పైన వెదురు, రెండంతస్తులు కలిపి 325 చదరపు మీటర్లు. మన లెక్కలో మూడున్నర వేల చదరపు అడుగులు. రూపకల్పన ఆనా హేరింగర్‌ది, సాంకేతిక వివరాల్లో ఆమెకి తోడు ఐకె రోస్వాగ్. ఇద్దరూ జర్మనీ వాళ్లు. కట్టింది మాత్రం చుట్టుపక్కల పనివాళ్లు. పిల్లలు, తల్లిదండ్రులు, పంతుళ్లు కూడా చెయ్యి వేశారు. నాలుగు నెలల్లో బడి నిలబడింది. 2007లో దీనికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. 2010లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం చిన్న చిన్న కట్టడాల మీద పెట్టిన ప్రదర్శనలో చోటు దొరికింది. అక్కడ దీని పక్కనే ఆఫ్రికాలోని బుర్కినాఫాసో నుంచి వచ్చిన మరో పల్లె బడి, ఫ్రాన్సిస్ కేరె కట్టిన గాండో బడి కూడా ఉంది. అదీ మట్టిదే.

పురస్కారాల సంగతి ఇంతటితో చాలు. ఈ బడి నక్షలూ, అడ్డకోత బొమ్మలూ, పని జరుగుతుండగా తీసిన ఫొటోలూ ముందేసుకుని నేను చాలా రోజులు చూశాను. చూసినకొద్దీ నన్ను పట్టుకున్నది దీని అందం కాదు. అందం ఉంది, చాలా ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను. నా కళ్లు ప్రతిసారీ ఆగిపోయిన చోటు గోడ అడుగు. మట్టి నేలని తాకే ఆ జానెడు మేర.

మట్టిల్లు ఎక్కడ చస్తుందో పల్లెలో పుట్టినవాళ్లకి తెలుసు. కప్పు దగ్గర కాదు, కాళ్ల దగ్గర. నేలలోని చెమ్మ గోడలోకి పాకుతుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు మట్టి నీటిని పైకి పీలుస్తుంది. అది ఆరుతూ తడుస్తూ ఉప్పు పట్టి పెచ్చులూడుతుంది. చూరు నీళ్లు నేల మీద పడి చిందినప్పుడల్లా ఆ చిందులు గోడ మొదలునే కొడతాయి. ఎలకలు బొరియ పెట్టేదీ, చెదలు దారి తీసేదీ అక్కడే. అందుకే మన ఆడవాళ్లు ప్రతి పండక్కీ ముందు గోడ మొదట్లో కొత్త మన్ను మెత్తి, అలికి, ఎర్రమన్ను పట్టీ తీర్చేవాళ్లు. చూసేవాళ్లకి అది అలంకారం. చేసేవాళ్లకి అది గోడ తిన్న దెబ్బకి కట్టే కట్టు.

రుద్రపూర్ చుట్టూ ఉన్న ఇళ్ల కథ కూడా ఇదే. అక్కడివాళ్లకి మట్టిగోడ పెట్టడం వచ్చు. బాగా వచ్చు. కానీ గోడ నేల మీద నుంచే లేస్తుంది. పునాది ఉండదు, చెమ్మని ఆపే అడ్డు ఉండదు. కొన్నేళ్లకి గోడ మొదలు సన్నబడుతుంది. దాంతో మట్టి అంటే నిలవనిది, పేదవాళ్లది, ఎప్పుడెప్పుడు ఇటుకల ఇల్లు కడదామా అనిపించేది అయి కూర్చుంది. ఈ మాట మన పల్లెల్లోనూ వింటాం.

హేరింగర్ చేసిన మార్పు ఇక్కడ మొదలవుతుంది, చాలా మేరకి ఇక్కడే అయిపోతుంది కూడా. 50 సెంటీమీటర్ల లోతున ఇటుక పునాది వేయించింది. దాని పైపూతకి సిమెంటు వాడింది. ఆ పునాది తల మీద, మట్టి మొదలయ్యే చోట, రెండు పొరల పాలిథిన్ పట్టా పరిపించింది. అది విదేశం నుంచి తెప్పించిన సరుకు కాదు, అక్కడి బజారులో దొరికే పట్టానే. కింది నేలకీ పైగోడకీ మధ్య అదొక గీత. చెమ్మ ఆ గీత దాటదు. ఆ గీతకి పైన ఉన్న పనంతా ఊరి పనివాళ్లకి పుట్టుకతో వచ్చిన పని.

బంగ్లాదేశ్‌లో ఆ ఇటుకకి ఉన్న విలువ కూడా గుర్తుంచుకోవాలి. గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు మీద నిలిచిన దేశం అది, రాయి దాదాపు లేదు. కాంక్రీటులో కంకర కావాలన్నా ఇటుకలు కాల్చి, వాటిని పగలగొట్టి వాడుకుంటారు. కాల్చడానికి బొగ్గు బయటి దేశాల నుంచి రావాలి. బట్టీల పొగ ఆ దేశపు ఆకాశానికి పట్టిన పీడ. అలాంటి చోట ఇటుకని పూర్తిగా వద్దనడం మొండితనం అయ్యేది, గోడంతా ఇటుకతో కట్టడం దుబారా అయ్యేది. ఎక్కడ ఇటుక తప్ప వేరే దారి లేదో అక్కడ మాత్రమే, ఎంత అవసరమో అంత మాత్రమే వాడారు. ఈ నిగ్రహాన్ని నేను గొప్ప పనితనం అంటాను. చేతిలో ఉన్న ప్రతి విద్యనీ ప్రదర్శించాలనుకునే వాస్తుశిల్పులు ఎక్కువైన కాలంలో, ఒక్క పట్టా పరిచి చెయ్యి వెనక్కి తీసుకోవడానికి చాలా తెలిసి ఉండాలి.

ఆ తెలివిడి ఆమెకి పుస్తకాల్లో దొరకలేదు. 1977లో పుట్టిన హేరింగర్ పందొమ్మిదేళ్ల వయసులో, 1997లో, దీప్‌శిఖాతో కలిసి పని చేయడానికి బంగ్లాదేశ్ వచ్చి ఏడాది దాకా ఉంది. అప్పటికింకా వాస్తుశిల్పి కాదు. దగ్గరున్నదాన్ని చక్కగా వాడుకోవడం, బయటి సాయం మీద ఆధారపడకపోవడం అక్కడి మనుషుల దగ్గరే నేర్చుకున్నానని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. ఆస్ట్రియాలోని లింట్స్‌లో చదువు ముగిస్తూ 2004లో తన చివరి ప్రాజెక్టుగా రుద్రపూర్‌కి ఒక బడిని గీసింది. మామూలుగా అలాంటి గీతలు బీరువాలో పడుంటాయి. ఏడాది తిరిగేసరికి ఇది అడుసులోకి దిగింది.

ఇక అడుసు దగ్గరికి వద్దాం. ఊరి మట్టి, నీళ్లు, గడ్డి. గడ్డి ఎక్కువ కాదు, కొంచెమే. గడ్డి పోచ మట్టిని పట్టి ఉంచుతుంది, ఆరేటప్పుడు పెద్ద పగుళ్లు రాకుండా లాగి పట్టుకుంటుంది. మరీ ఎక్కువైతే గోడ బరువు మోసే శక్తి తగ్గుతుంది. ఈ గోడ మీద ఒక అంతస్తు నిలబడాలి కదా. ఆ మిశ్రమాన్ని కలపడానికి యంత్రం తేలేదు. పశువులని తిప్పి తొక్కించారు. మన కళ్లంలో పనలు పరిచి ఎద్దులతో తొక్కించినట్టే, కింద ధాన్యానికి బదులు మట్టి. గిట్ట దిగినప్పుడు మట్టి పిసికినట్టవుతుంది, లేచినప్పుడు గడ్డి లోపలికి లాగబడుతుంది. ఆ పని మనుషుల కాళ్లతోనూ చేయొచ్చు, చాలా చోట్ల చేస్తారు కూడా. కానీ ఇంత గోడకి పశువు కాలి బరువు వేరు.

కలిపిన అడుసుని ముద్దలు ముద్దలుగా పునాది మీద పేర్చారు. అచ్చు పలకలు లేవు, చెక్క బిగింపులు లేవు. అందువల్ల పేర్చినప్పుడు వరస గోడ మందం కంటే అటూ ఇటూ పొంగి, ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొన్ని రోజులకి అది సగం ఆరి, గట్టి జున్నులా అయ్యే ఘడియ ఒకటి వస్తుంది. అప్పుడు పదునైన పారలతో పక్కలు నిలువుగా చెక్కేస్తారు. ముందే చెక్కితే మట్టి అంటుకుని లాగుతుంది, ఆలస్యమైతే పార దిగదు, అంచు విరుగుతుంది. ఆ ఘడియని గడియారం చెప్పదు. ఆ రోజు ఎండ, గాలి, ఆ వరసలో పడిన నీళ్లు, చెక్కేవాడి మణికట్టు చెప్పాలి. నాలుగు వరసల్లో నాలుగుసార్లు, గోడ పొడుగునా ఆ ఘడియని పట్టుకోవాలి.

బయటి వైపు గోడకి పూత వేయలేదు. ఇది నాకు చాలా నచ్చిన నిర్ణయం. పార దిగిన గుర్తులు, వరసకీ వరసకీ మధ్య అడ్డంగా కనిపించే సన్నని కలయిక గీతలు, అక్కడక్కడా బయటికి చూసే గడ్డి పోచలు, అన్నీ అలాగే ఉన్నాయి. గోడ ఎలా పుట్టిందో గోడే చెబుతుంది. కిటికీల పక్కలకి మాత్రం సున్నపు పూత వేశారు. మట్టి ముదురు రంగులో తెల్లని ఆ అంచు, ముగ్గు కర్ర గీసినట్టు కిటికీని ఎత్తి చూపిస్తుంది. లోపలి వైపు బంకమట్టి పూత పూసి సున్నం కొట్టారు. బయట గరుకు, లోపల తెలుపు. చదువుకునే గదిలో వెలుతురు నిండడానికి ఆ తెలుపు కావాలి.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు చూసినవాళ్లకి ఈ గోడ పరాయిగా అనిపించదు. గుండ్రంగా తిరిగే ఆ మట్టిగోడలు కూడా అచ్చులు లేకుండా, వరస మీద వరసగా చేత్తో పెట్టినవే. తాటాకు కప్పు దాదాపు నేల దాకా వంగి గోడని వాన నుంచి కాస్తుంది, గుండ్రటి ఒళ్లు తుపాను గాలిని పక్కకి జారవిడుస్తుంది. ఊరి పేరూ భాషా మారినా, బంగాళాఖాతానికి ఈ చివరా ఆ చివరా మట్టి దగ్గర మనుషులు చేసిన ఆలోచన ఒకటే.

గోడ లేస్తుండగానే మూడో నాలుగో వరసల్లో ద్వారబంధాలూ, తలుపుల కిటికీల పై దూలాలూ కలిపి పెట్టారు. గోడ తల మీద లావాటి వెదురు బొంగులు చుట్టూ పరిచి మట్టిలోనే ఇమిడ్చారు. పై అంతస్తు బరువు ఒకే చోట గుచ్చుకోకుండా, ఈ వెదురు పట్టీ దాన్ని గోడ పొడుగునా పంచుతుంది. పై వెదురు నేరుగా మట్టి మీద కూర్చోకుండా, మధ్యలో వెదురు మీదే కూర్చుంటుంది.

ఇక లోపలికి. కింద మూడు తరగతి గదులు. ప్రతి గదిలోంచి వెనక్కి ఒక దారి ఉంది. అది గుహల్లోకి తీసుకుపోతుంది. నిజంగా గుహలే. గుండ్రటి నోళ్లు, మెత్తని వంపులు, ఒక పిల్లవాడు ముడుచుకుని కూర్చునేంత చోటు, ఇద్దరు ముగ్గురు పాకుతూ పోయేంత సొరంగం. ఎక్కడా పదునైన అంచు లేదు. ఎర్రమట్టి పూతతో నిగనిగలాడుతుంటాయి. పాఠం మధ్యలో ఒంటరిగా చదువుకోవాలనిపించిన పిల్ల, అలిగిన పిల్ల, ఊరికే నక్కి కూర్చోవాలనుకున్న పిల్లవాడు అందులోకి దూరవచ్చు. ఆనందంగా నేర్చుకోవడమే తమ పద్ధతి అని చెప్పుకునే బడి, ఆ మాటని గోడలో పెట్టి కట్టుకుంది.

ఈ గుహలు ఎలా చేశారో చూస్తే మనవాళ్లకి గాదె గుర్తుకు రావాలి. వెదురు బద్దలతో అల్లి, లోపలా బయటా మట్టీ పేడా మెత్తి, ధాన్యం పోసుకునే గాదె. తెలంగాణలో గుమ్మి అంటారు. రుద్రపూర్ గుహలు కూడా అదే తీరు. వెదురు బొంగులతో లోపలి గూడు కట్టి, దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన ఎర్రమట్టి పూశారు. గోడకి ఒక పని, గుహకి ఒక పని. గోడ బరువు మోయాలి కనుక మట్టి దిమ్మగా ఉంది. గుహ బరువు మోయక్కర్లేదు, ఒంపు తిరగాలి, అందుకని లోపల వెదురు ఉంది. ఒకే మట్టిని రెండు రకాలుగా పలికించారు. మన పాత ఇళ్లలో దీపం పెట్టుకునే గూడు, సామాను దాచుకునే గూడు ఉండేవి. పిల్లల్ని దాచుకునే గూడు పెట్టాలని మాత్రం మనకి తట్టలేదు.

కింది గదుల పైకప్పు మూడు వరసల వెదురు. కింది వరస ఒక దిక్కున, మధ్య వరస దానికి అడ్డంగా, పై వరస మళ్లీ మొదటి దిక్కున. మధ్య వరస మీద వెదురు బద్దల పలక పరిచి, దాని మీద మట్టి నింపారు. రాయలసీమ మట్టిమిద్దె ఎరిగినవాళ్లకి ఇది సగం తెలిసిన పనే, అక్కడ దూలాలూ కర్రలూ పరిచి మట్టి వేస్తారు. ఇక్కడ ఆ మిద్దె మీదే ఇంకో అంతస్తు. అందుకని మేడ మీద కూడా పిల్లల కాళ్ల కింద మట్టి నేలే.

మధ్య వరసని అడ్డంగా పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది. వెదురు తన పొడుగునా ఎంత బలమో, పక్కకి తోస్తే అంత బలహీనం. ఒకే దిక్కున పరిచిన బొంగులు గోడలు కదిలితే చాపలా ముడుచుకుంటాయి. అడ్డంగా ఒక వరస పడగానే మొత్తం కప్పు ఒక పలకలా బిగుస్తుంది, పక్క కుదుపుని తట్టుకుంటుంది. ఆ ప్రాంతానికి కుదుపు కొత్త కాదు. ఇదే దినాజ్‌పూర్ జిల్లాలో 18వ శతాబ్దంలో కట్టిన కాంతజీ గుడి ఉంది, ఒళ్లంతా కాల్చిన మట్టి పలకల బొమ్మలతో బెంగాల్ కుమ్మరి చెయ్యి ఎంత దూరం పోగలదో చూపించే గుడి. దానికి ఒకప్పుడు తొమ్మిది శిఖరాలు ఉండేవి. 1897 భూకంపంలో అవి కూలిపోయాయి. ఇప్పుడు అవి లేకుండానే నిలబడి ఉంది. ఆ నేల మీద గట్టి మట్టిగోడ తల మీద బరువైన కాంక్రీటు పెట్టకపోవడం, తేలికైన, వంగి మళ్లీ లేచే వెదురుని పెట్టడం నాకు సరైన ఆలోచన అనిపిస్తుంది.

పై అంతస్తు పూర్తిగా వెదురు చట్రం. ఒక్కొక్క దూలం నాలుగు బొంగులని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. వాటికి నిలువు కాళ్లు, ఐమూలగా ఊతాలు. కప్పుని మోసే వాసాలు చట్రాల మధ్య ఎడంలో సగానికి ఒకటి చొప్పున దగ్గర దగ్గరగా వచ్చాయి. వెదురు పనిలో అసలు చిక్కు అతుకు దగ్గర. మేకు కొడితే బొంగు నిలువునా చీలుతుంది. తాడు కడితే, ఆరినకొద్దీ వెదురు సన్నబడి కట్టు వదులవుతుంది. ఊళ్లో వాళ్లు తాళ్లతోనే కట్టుకుంటూ వచ్చారు, వదులైతే బిగించుకుంటూ వచ్చారు. ఇక్కడ అతుకుల్లో ఇనుప కడ్డీ ముక్క గుచ్చి, దాని చుట్టూ నైలాను తాడుతో బిగించారు. గోడ అడుగున పాలిథిన్ చేసిన పనే ఇక్కడ ఈ కడ్డీ ముక్క చేసింది. పాత పని ఎక్కడ ఓడిపోతోందో అక్కడ ఒక చిన్న ముక్క. మిగిలిందంతా పాతదే.

పై గోడలు వెదురు బద్దల తడికలే. చట్రాలకి బద్దలు కొట్టి, స్తంభాలకి తగిలించారు. మన మేదరి కుటుంబాలు అల్లే తడిక వంటింటి పక్కన దడిగా, పశువుల పాక గోడగా బతికింది. అదే తడిక ఇక్కడ బడి ముఖం అయింది. ఎండ ఆ బద్దల సందుల్లోంచి మట్టి నేల మీద చారలు చారలుగా పడుతుంది, పొద్దు తిరిగినకొద్దీ చారలు జరుగుతాయి. గాలి అడ్డులేకుండా ఈ పక్కనుంచి ఆ పక్కకి పోతుంది. కిటికీలోంచి చూస్తే చెట్ల తలలు, ఊరి చెరువు. కింద గుహలో ముడుచుకున్న పిల్లే మెట్లెక్కి వస్తే పక్షి గూట్లోంచి చూసినట్టు ఊరంతా కనబడుతుంది.

ఈ రెండు అంతస్తుల తేడాలోనే వాతావరణం గురించిన తెలివి ఉంది. మందపాటి మట్టిగోడ వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, బయటి మధ్యాహ్నం లోపలికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. బడి పగటి పూట నడిచేది కనుక, వేడి లోపలికి వచ్చేటప్పటికి పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయి ఉంటారు. చలికాలంలో ఉత్తర బెంగాల్ మంచుకి అదే గోడ కంబళిలా ఉంటుంది. కానీ వానాకాలపు ఉక్కలో ఒక్క చల్లని గోడ చాలదు. ఉక్కకి మందు గాలే. ఆ గాలి పై అంతస్తులో ఉంది. ఏ ఋతువులో ఏ అంతస్తు హాయో ఆ బడి పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

కప్పు మాత్రం రేకు. ఊరిది కాదు, ఫ్యాక్టరీది. దీన్ని కొందరు లోపంగా చూడొచ్చు. నాకు అలా అనిపించలేదు. వెదురుకి శత్రువులు రెండు, ఎండావానా. వాటినుంచి కాయాలంటే నీరు దిగని, గోడల మీంచి బాగా ముందుకి చాచిన కప్పు కావాలి. గడ్డి కప్పు కొన్నేళ్లకొకసారి మార్చాలి, మార్చలేని ఏడు కింది పనంతా పాడవుతుంది. రేకుతో వచ్చే చిక్కు వేడి. దానికి వాళ్లు వెతికిన మందు చూడండి. రేకు కింద చీరలు కట్టారు. రంగు రంగుల బెంగాలీ చీరలు, పందిరికి చాందినీ కట్టినట్టు. రేకుకీ చీరకీ మధ్య ఖాళీలో వేడిగాలి ఆడి బయటికి పోతుంది, చీర దాని సెగ పిల్లల తలమీదకి దిగకుండా ఆపుతుంది. సాయంత్రం పూట ఆ చీరల వెనక దీపాలు వెలిగిస్తే కప్పంతా రంగు వెలుతురు. ఇంజనీరింగ్ పుస్తకంలో దీనికి వేరే పేరు ఉంటుంది. బెంగాల్‌లో గానీ మన దగ్గర గానీ పెళ్లి పందిరి వేసిన ఏ ఇంటివాళ్లకైనా ఇది తెలిసిన పనే.

వెనక వైపు పాదులు పాకడానికి ఒక వెదురు పందిరి గోడ ఉంది. దాని నిలువు బొంగులు నేలలో పాతితే కుళ్లిపోతాయి. అందుకని పాత బావి గొట్టాల ముక్కలు నేలలో దిగవేసి, వాటిలో బొంగులు నిలబెట్టారు. ఎవరికీ కనబడని ఈ గొట్టం ముక్క మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. నేలని తాకే ప్రతి చోటా వెదురునీ మట్టినీ కాపాడాలని ఒకసారి నిశ్చయించుకున్నాక, పాదు పందిరి దగ్గర కూడా ఆ నియమం తప్పలేదు.

ఈ కట్టడానికి పోషణ అక్కర్లేదని కాదు. మట్టికి ఏటా చెయ్యి కావాలి. వాన కొట్టిన చోట మెత్తాలి, సున్నం పాతబడితే కొట్టాలి, వెదురు పుచ్చితే మార్చాలి. అయితే ఆ చెయ్యి ఊళ్లోనే ఉంది, ఆ మట్టి గోడ పక్కనే ఉంది. కాంక్రీటు కప్పు పెచ్చులూడి ఇనుము తుప్పు బయటపడినప్పుడు పల్లె బడి పంతులు కాగితం రాసి ఎదురుచూడడం తప్ప ఏమీ చేయలేడు. ఇక్కడ గోడ చెడితే కట్టినవాళ్లే వచ్చి మెత్తుతారు. కట్టే పనిలో చెయ్యి వేసిన పిల్లలకి ఆ గోడ లోపల ఏముందో తెలుసు. బడిలో నేర్చుకునే పాఠాల్లో ఇదీ ఒకటని నా నమ్మకం.

రుద్రపూర్‌లో పని ఆ బడితో ఆగలేదు. అదే ఊళ్లో ఆ తర్వాత మట్టీ వెదురుతోనే ఎలక్ట్రీషియన్లకి శిక్షణ ఇచ్చే భవనం వచ్చింది, మట్టి ఇళ్లు వచ్చాయి. 2020లో ఆనందాలయ్ పూర్తయింది. అది వికలాంగుల కోసం కట్టిన కేంద్రం, పై అంతస్తులో ఊరి ఆడవాళ్లు బట్టలు కుట్టే కార్యశాల. మేడ మీదకి చక్రాల కుర్చీ ఎక్కడానికి మట్టి వాలుదారి ఒకటి గోడని చుట్టుకుంటూ పైకి పోతుంది. 2005లో ఆ ఊళ్లో మట్టిని నాలుగు తిన్నని గోడలుగా పెట్టారు, పదిహేనేళ్లకి అదే మట్టిని ఒంపు తిప్పి మేడ ఎక్కించగలిగారు. ఒక బడి కట్టడం వల్ల ఊరి చెయ్యి ఎంత తిరిగిందో చెప్పడానికి ఆ వాలుదారి చాలు.

మన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘మన బడి నాడు–నేడు’, తెలంగాణలో 2022లో ‘మన ఊరు–మన బడి’ మొదలయ్యాయి. నీళ్లు, మరుగుదొడ్లు, బల్లలు, రంగులు, ఇవన్నీ పిల్లలకి న్యాయంగా రావలసినవే. కానీ శ్రీకాకుళం తీరపు గాలి వేరు, అనంతపురం ఎండ వేరు, ఆదిలాబాద్ చలి వేరు. ఈ మూడు చోట్లా బడి గది మాత్రం చాలా మట్టుకు ఒకే సిమెంటు పెట్టె. అంతా మట్టితో కట్టండని నేను అనడం లేదు. రుద్రపూర్ నకలు తెచ్చి ఇక్కడ దించమని అసలే అనను, అది ఆ ఊరి మట్టికి పుట్టిన బడి.

కొత్త బడి గీసే ఇంజనీరుగారికీ, వాస్తుశిల్పికీ నా మనవి ఇది. గీత గీయకముందు ఆ ఊళ్లో ఇంకా నిలబడి ఉన్న ఒక పాత మట్టిగోడ దగ్గరికి వెళ్లండి. అది ఎక్కడ చెడిందో ఆ ఇంటి పెద్దావిడని అడగండి, ఏటా ఎక్కడ మెత్తుతున్నారో చూపించమనండి. ఊళ్లో మేదరి ఉంటే ఏ నెలలో కొట్టిన వెదురు పుచ్చదో అడిగి రాసుకోండి. వరస ఎంత ఎత్తు పెట్టాలో, పార ఎప్పుడు దించాలో చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లుండగానే వెళ్లండి.